అమ్మ చేతి ఐస్‌క్రీం

వంటింటి కిటికీలోంచి పొద్దుటి ఎండ వాలుగా పడుతోంది. గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి ఆ వెలుగులో మెల్లగా మెలికలు తిరిగి, పైకి పోయి, ఎక్కడో కలిసిపోతోంది. అక్క చెంచాతో సూప్ తీసి, పెదవికి ఆనించి వేడి చూసుకుని, అమ్మ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఒక్క చెంచా అమ్మా. క్యారెట్ బాగా ఉడికించాను. నమలక్కర్లేదు."

అమ్మ పెదవులు బిగించుకుని చూపు కిటికీ వైపు తిప్పుకుంది. ఆ ముఖంలో కోపం లేదు, మొండితనమూ లేదు. దూరంగా ఎక్కడో వినిపిస్తున్న పాటకి చెవి ఒగ్గినట్టుంది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయినప్పటి నుంచీ అమ్మ అలాగే ఉంటోంది. మాట తిరిగొచ్చింది గానీ, ఒక్కో మాటా మెట్లెక్కి ఆయాసపడుతూ వస్తున్నట్టు ఆలస్యంగా వస్తుంది. గొంతులో లోపమేమీ లేదని డాక్టరు చూసి చెప్పాడు. "మింగగలరు. మింగాలనిపించాలి, అంతే" అన్నాడు.

ఆ 'అంతే' అన్న మాట అక్కకి కంట్లో నలుసులా ఉండిపోయింది.

ఆమెని ఆ వీధిలో అందరూ అక్కా అనే పిలుస్తారు. చెల్లెలితో మొదలైంది ఆ పిలుపు. తర్వాత పక్కింటివాళ్ళు అందుకున్నారు, ఆ తర్వాత కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెతో పాటు అద్దాలు అరగదీసేవాళ్ళు అందుకున్నారు. కన్నతల్లి కూడా "అక్కేదీ, అక్కని పిలవండి" అనడానికి అలవాటుపడింది. అక్కకి అది బాగానే ఉండేది. పిలిచినవాళ్ళందరికీ పలకడం, పలికాక పని చేసిపెట్టడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత సహజం. అందుకే అమ్మ ఒక్క చెంచా కూడా మింగకపోవడం ఆమె తట్టుకోలేకపోతోంది. సూప్ మార్చింది, గిన్నె మార్చింది, కుర్చీ ఎండలోకి జరిపింది, బుజ్జగించింది, బతిమాలింది. అమ్మ మాత్రం మంచు కరిగినట్టు రోజురోజుకీ తగ్గిపోతోంది.

"ఇటివ్వు అక్కా, నేను చూస్తా" అంది చెల్లెలు గుమ్మంలోంచి.

ఆమె వేరే ఊళ్ళో ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. సెలవు పెట్టుకుని నిన్న సాయంత్రమే వచ్చింది. జుట్టు ఎప్పుడూ సగం తడిగానే ఉంటుంది, చెప్పులు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మరిచిపోతుంది. వస్తూ వస్తూ ఆమె మోసుకొచ్చిన అట్టపెట్టె వంటింటి గట్టు మీద, అక్క మిక్సీ ఉండాల్సిన చోట దర్జాగా కూర్చుని ఉంది.

"ముందు ఆ పెట్టె సంగతి చూడు. ఏంటది, నా నెత్తిన పెట్టడానికి?"

"ఐస్‌క్రీం మెషీన్."

"ఐస్‌క్రీం తినడానికి ఇంట్లో చిన్నపిల్లలెవరున్నారే?"

"నేనున్నాగా" అంటూ చెల్లెలు పెట్టె విప్పింది. లోపల స్టీలు పెట్టె ఒకటి, పొట్టిగా బరువుగా, నున్నగా. అక్క ప్లగ్ తీసి గోడకి పెట్టబోతే చెల్లెలు గబుక్కున చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే పెట్టకు. బస్సులో దీన్ని పడుకోబెట్టి తెచ్చాను. ఫ్రిజ్‌లో ఉన్నట్టే దీని కడుపులోనూ కంప్రెసర్ ఉంది. అందులో నూనె కిందికి దిగేదాకా కదపకుండా నిలబెట్టి ఉంచాలి."

అక్క చెంచా గిన్నెలో పడేసింది. "బాగుంది. విశ్రాంతి కావాల్సినవాళ్ళు ఈ ఇంట్లో ఇంకొకరు తక్కువయ్యారు మరి."

అమ్మ అటు చూసింది. స్టీలు మీద కిటికీ వెలుగు పడి మెరుస్తోంది. అమ్మ చూపు ఆ మెరుపు మీద కాసేపు ఆగింది.

సాయంత్రం దుకాణం నుంచి తిరిగొస్తుంటే వీధిగుమ్మం దగ్గరే అక్కకి ఆ చప్పుడు వినిపించింది. చప్పుడని కూడా అనలేం. కడుపు నిండిన పిల్లి గురగురలాడినట్టు, ఇల్లు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఒక సన్నటి మూలుగు. వంటింట్లో దీపం వెయ్యలేదు. పల్చటి చీకట్లో మెషీన్ మీది అంకెలు నీలంగా వెలుగుతున్నాయి. పారదర్శకంగా ఉన్న మూత కింద రెక్క తిరుగుతోంది. దాని చుట్టూ తెల్లటి మీగడ పాల పదార్థం ముందు పల్చగా ఊగి, తర్వాత చిక్కబడి, ఆఖరికి మబ్బులా ముడతలు పడుతోంది. అమ్మ కుర్చీ దానికి ఎదురుగా వేసి ఉంది. అమ్మ ముఖం మీద ఆ నీలిరంగు తేలుతోంది.

చెల్లెలి చేతిలో చెంచా ఉంది. అమ్మ కింది పెదవి మీద తెల్లటి తడి ఉంది.

"తిన్నదా?" అంది అక్క. తన గొంతు తనకే వేరెవరిదో అనిపించింది.

"తిన్నది. చిన్న కప్పుడు" అంది చెల్లెలు గొప్పగా.

అక్క అమ్మ దగ్గరికెళ్ళి పెదవి తుడిచింది. సంతోషించాలని ఆమెకి తెలుసు. సంతోషం వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే ఇంకోటి వచ్చింది, పిలవని చుట్టంలా చెప్పులు విప్పకుండా నట్టింట్లోకి. ఇన్నాళ్ళూ నేను ఉడికించాను, వడకట్టాను, చల్లార్చాను. నా చెంచా చూస్తే మూసుకున్న నోరు దీని చెంచాకి తెరుచుకుంది. అక్క గబగబా లోపలికెళ్ళి ముఖం కడుక్కుంది.

"తింటోంది కదా, ఎవరు పెడితే ఏం?" అన్నాడు అక్క భర్త రాత్రి ఆమె ముఖం చూసి. ఆయన బస్సు డిపోలో టైర్లు చూసుకుంటాడు. గాలి ఎక్కడ పోతోందో వెతికి పట్టుకోవడం ఆయన వృత్తి.

"ఏం లేదులెండి" అంది అక్క.

"ఏం లేదంటే చాలా ఉన్నట్టు" అని ఆయన ఇక కదిలించలేదు.

ఆ రోజుల్లో ఇల్లంతా ఒకే మత్తులో తేలుతున్నట్టుండేది. మధ్యాహ్నాలు తెరలు దించి ఉండేవి. గదుల్లో పాలు, కాఫీ, అరటిపండు కలిసిన తియ్యటి చల్లని వాసన. మెషీన్ పని చేస్తున్నంతసేపూ ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు, ఎందుకో. ఆదివారం అక్క ఆ మూలుగు వింటూ కుర్చీలోనే కునికింది. కునుకులో ఆమెకి బట్టల మిల్లు క్యాంటీన్ కనిపించింది. అమ్మ అక్కడ వంట చేసేది. ఆవిరి నిండిన ఆ పెద్ద గదిలో, తన భుజమంత పొడుగు గరిటెతో, పడవ నడిపినట్టు గుండిగ కలుపుతూ ఉండేది. బడి నుంచి వచ్చిన పిల్లకి ఆ ఆవిరిలో అమ్మ ముందు కనిపించేది కాదు, గొంతే వినిపించేది. "ఉల్లిపాయలు ఇటు. ఆ మంట తగ్గించు. నువ్వు పక్కకి జరుగు, కాళ్ళ మీద పడుతుంది." కలలో అక్క ఆ గొంతు వైపు నడుస్తోంది. ఎంత నడిచినా ఆవిరే. మెలకువ వచ్చి చూస్తే అమ్మ మెషీన్ ముందు కూర్చుని, ఎడమ చేతి వేళ్ళతో గట్టు మీద మెల్లగా సున్నాలు చుడుతోంది.

అద్దాలు అరగదీసే యంత్రం ముందు కూర్చున్నా అక్కకి అదే మూలుగు వినిపించేది. అమ్మ బుగ్గల్లో కాస్త నిగారింపు వచ్చింది. ఆ మాట పక్కింటావిడ చెల్లెలితో అంది, అక్కతో అనలేదు. ఇంటికొచ్చి పొయ్యి మీద సూప్ పెట్టినప్పుడల్లా అమ్మ ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగేది. అక్క ఒకటి రెండుసార్లు చెల్లెలు చేసిన ఐస్‌క్రీమే తీసి పెట్టి చూసింది. దానికీ ఆ పెదవులు తెరుచుకోలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయింది. యజమాని ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నాడు. అక్క దారిలో అమ్మకి మెత్తటి బ్రెడ్ కొనుక్కుని, తాళం తనే తీసుకుని లోపలికొచ్చింది.

అమ్మ వంటగట్టు దగ్గర నిలబడి ఉంది.

కుర్చీ వెనకాల ఎక్కడో ఉంది. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. కుడి చెయ్యి వేలాడుతోంది. నడుము గట్టుకి నొక్కిపెట్టి, ఎడమ చేత్తో పాల జగ్గు ఎత్తి మెషీన్ గిన్నెలోకి వంచుతోంది. జగ్గు వణుకుతోంది. సగం పాలు గిన్నెలో, సగం గట్టు మీద. గట్టు మీంచి ధారకట్టి కిందికి కారి అమ్మ పాదాల చుట్టూ మడుగు. చెల్లెలు బల్ల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని, సినిమా చూస్తున్నట్టు కూర్చుని ఉంది.

అక్క బ్రెడ్ వదిలేసి ఒక్క ఉదుటున వెళ్ళింది. ఒక చెయ్యి అమ్మ నడుం చుట్టూ వేసి, రెండో చేత్తో జగ్గు లాగేసుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా? నేల చూశావా? జారితే?"

అమ్మ ఖాళీ అయిన తన ఎడమ చేతిని చూసుకుంది. ముఖంలో ఏదో దీపం ఆరిపోయినట్టయింది. చేతికర్ర అందుకుని, పాల అడుగులు వేసుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

అక్క చెల్లెలి వైపు తిరిగింది.

"నీకు బుద్ధుందా? రోగిష్టి మనిషిని పాల మడుగులో నిలబెట్టి వినోదం చూస్తున్నావా?"

"పడదు అక్కా. నేను కనిపెట్టుకునే ఉన్నాను. ఈత నేర్పేదాన్ని, మునిగేవాళ్ళెవరో మునగనివాళ్ళెవరో చూస్తే తెలుస్తుంది నాకు."

"తెలుస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి అన్నీ తెలుస్తాయి. ఎల్లుండి నువ్వు సంచీ సర్దుకుని వెళ్ళిపోతావు. పడితే ఎత్తేది నేను. ఆస్పత్రికి మోసేది నేను. మంచం మీద తుడిచేది నేను. నువ్వు ఒక ఆటబొమ్మ పట్టుకొచ్చి తీపి తినిపించి మంచిదానివైపోయావు. నేను పెట్టిందేదీ అమ్మకి విషంలా కనిపిస్తోంది."

చెల్లెలు గట్టు వైపు చూసింది. మూత తెరిచి ఉన్న మెషీన్ వట్టినే మూలుగుతోంది.

"నేను అమ్మకి తినిపించలేదు అక్కా" అంది. "ఒక్కసారి కూడా పెట్టలేదు."

"నా కళ్ళతో నేను చూశాను."

"చెంచా నా చేతిలో చూశావు. మొదటి రోజు ఏమైందో చూడలేదు. పాలు, మీగడ కలిపాను. చక్కెర ఎంత వెయ్యాలో నాకు తెలీదు. నా వంట సంగతి నీకు తెలుసుగా. అమ్మా, తీపి సరిపోయిందో లేదో కాస్త రుచి చూడు అన్నాను. తినమనలేదు, రుచి చూడమన్నాను. నా చేతిలోంచి చెంచా లాక్కుని నాలుక మీద వేసుకుంది. తల అడ్డంగా ఊపింది. ఇంకాస్త వేశాను. మళ్ళీ చూసింది. అలా చూసి చూసి కప్పుడైంది. రోజూ అంతే. పాలు తను పోస్తుంది, రెక్క తను బిగిస్తుంది, మీట తను నొక్కుతుంది. తిప్పే పని మెషీన్‌ది. గరిటె తిప్పలేని చేతికి అది చాలు కదా. నీతో చెప్పొద్దని సైగ చేసింది. చూస్తే కూర్చోబెడతావని."

అక్క అక్కడే, తడి నేల మీద చతికిలబడింది. క్యాంటీన్‌లో అమ్మ ఎప్పుడైనా కంచం ముందు కూర్చోగా చూసిందా తను? గుర్తు రావడంలేదు. గరిటె అంచు నుంచి అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకడం, కళ్ళు మూసి ఆలోచించడం, ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపడం, అవే గుర్తున్నాయి. అలా నిలబడి, రుచులు చూస్తూనే ఆవిడ జన్మంతా కడుపు నింపుకుంది. అలాంటి మనిషిని కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, నోరు తెరవమని అడుగుతోంది తను.

"ఇవాళ్టిది ఎవరికోసమో తెలుసా?" అంది చెల్లెలు, గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ. "కాఫీ ఐస్‌క్రీం. నీకోసం. నువ్వు వచ్చేసరికి గట్టిపడాలని పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేసింది."

గదిలో అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. తెర ఎండకి పసుపు రంగు తిరిగి, గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. అక్క కింద కూర్చుని అమ్మ పాదాలకి అంటిన పాలు తుడిచింది. తుడుస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"నా చేతి ముద్ద ఎందుకు దిగదమ్మా నీకు?"

అమ్మ ఆలోచించుకుంది. మాటలు మెట్లెక్కడం మొదలుపెట్టాయి. అక్క ఆగింది. మామూలుగా అయితే అమ్మ వాక్యం సగంలో ఉండగానే మిగతాది తనే పూర్తి చేసేసేది. ఈసారి పెదవి కొరుక్కుని ఆగింది.

"నీ చెయ్యి... వణుకుతుంది" అంది అమ్మ. "అద్దాలు అరగదీసి వస్తావు. నిలబడి... వండుతావు. తినవు. నాకు పెడతావు." ఊపిరి తీసుకుంది. "నిన్ను చూస్తే... గొంతు పూడుకుపోతుంది. ఎలా దిగుతుంది?"

అక్క అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టేసింది.

"చిక్కిపోయావు" అంది అమ్మ, ఆ జుట్టులో ఎడమ చెయ్యి పెట్టి. "నేనింకా... ఉన్నాను కదా."

అక్క ఏడ్చింది. ఎవరూ లేనప్పుడు కుళాయి విప్పి ఏడ్చే ఏడుపు కాదది. ముక్కు కారి, ఎక్కిళ్ళు వచ్చి, చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే ఏడ్చినంత ఏడ్చింది. అమ్మ ఊరుకోమనలేదు. జుట్టులో చెయ్యి అలాగే ఉంచింది.

కొంతసేపటికి ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు. నేల ఆరింది. చెల్లెలు కుర్చీ తీసుకొచ్చి వేసింది. అక్క దాన్ని అమ్మకోసం లాగబోయి, ఏదో తట్టినట్టు ఆగి, తనే అందులో కూర్చుంది.

అమ్మ గట్టు ముందు నిలబడింది. నడుము ఆనించింది. చెల్లెలు కాఫీ కషాయం, పాలు, మీగడ దగ్గరికి జరిపింది. అమ్మ జగ్గు ఎత్తింది. అది వంకరగా ఊగింది. అక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. జీవితంలో ఇంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదేమో అనిపించింది ఆమెకి. గట్టు మీద కొద్దిగా ఒలికింది. మిగతాదంతా గిన్నెలోకి చేరింది. అమ్మ చక్కెర డబ్బా అందుకుని చెంచాతో వేసింది, రెక్క బిగించింది, మూత పెట్టింది. బొటనవేలితో మీట నొక్కింది.

ఇల్లు మళ్ళీ ఊపిరి తీయడం మొదలుపెట్టింది. గోధుమరంగు పాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. తెరల వెనక మధ్యాహ్నం కరుగుతోంది. మూత మీద సన్నటి మంచు పొగ పట్టింది. అక్కకి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈసారి కల రాలేదు. కళ్ళు తెరిచినప్పుడల్లా అమ్మ నిలబడే కనిపించింది. అదే కలలా ఉంది.

ఉన్నట్టుండి లోపల రెక్క బరువుగా మూలిగి, టక్కున కొట్టుకుని, ఆగిపోయింది. మెషీన్ కూత పెట్టింది.

"గట్టిపడిపోయింది" అంది చెల్లెలు మూత తీసి. "అప్పుడే?"

అమ్మ చెంచా గుచ్చింది. దిగలేదు. ఇంకాస్త బలం పెట్టి, అంచున గీకి, కొంచెం తీసింది. చెంచా గాల్లో వణుకుతూ, తడబడుతూ, అక్క నోటి వైపు బయలుదేరింది. సగం గడ్డం మీద పడింది. సగం నోట్లోకి వెళ్ళింది.

చల్లగా ఉంది. చేదుగా ఉంది. నాలుక మీద ఇసుకలా మంచు పలుకులు నలుగుతున్నాయి. అమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. చాలా బాగుందమ్మా అన్న మాట అక్క పెదవుల దాకా వచ్చేసింది. ఇన్ని నెలలుగా అమ్మతో మాట్లాడుతున్న మెత్తటి గొంతులో, వడకట్టిన సూప్ లాంటి గొంతులో. అక్క దాన్ని మింగేసింది.

"చక్కెర చాల్లేదమ్మా" అంది.

చెల్లెలు గుడ్లురిమి చూసింది. అమ్మ కనుబొమలు పైకి లేచాయి.

"చాల్లేదా?" అంది అమ్మ.

"చాలలేదు. చేదుగా ఉంది. తీపి తక్కువైతే ఇలాగే రాయిలా అవుతుంది, అందుకే రెక్క ఆగిపోయింది."

అమ్మ చెంచాతో ఇంకాస్త గీకింది. తన నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఆలోచించింది. మళ్ళీ ఇంకొంచెం తీసుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి మింగింది.

"నీ నోరే... బాలేదు" అంది.

"నా నోరు బాగానే ఉంది. కావాలంటే దాన్నడుగు."

చెల్లెలు రుచి చూసి ముఖం వికారంగా పెట్టింది. అమ్మ ముఖంలో ఎడమ వైపు ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. అమ్మ నవ్వుతోందని అక్కాచెల్లెళ్ళకి తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"ఇప్పుడేం చేద్దాం? రేపటిదాకా ఆగాలా?" అంది అక్క.

"ఎందుకు? దీనికి గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచే పని లేదుగా" అంది చెల్లెలు. "చల్లదనం దాని కడుపులోనే ఉంది. కరిగించుకుని, తీపి కలిపి, మళ్ళీ పోసుకోవడమే."

అమ్మ అప్పటికే గిన్నె ఎడమ చేత్తో బయటికి లాగుతోంది. ఆ ముఖంలో వెనకటి పరధ్యానం లేదు. కుర్చీలో కూర్చున్న పెద్ద కూతురిని ఎగాదిగా చూసింది. మాటలు ఈసారి మెట్లెక్కినట్టు రాలేదు, గబగబా దొర్లుకుంటూ వచ్చాయి.

"చూస్తూ కూర్చుంటావేం? చక్కెర ఇటు. పాలు వెచ్చబెట్టు, మంట తక్కువ పెట్టు. పక్కకి జరుగు."

అక్క లేచి పక్కకి జరిగింది. చక్కెర డబ్బా అందించింది. పొయ్యి వెలిగించి, పాలు పెట్టి, మంట తగ్గించింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారి గడ్డం మీది కాఫీ మరకలో కలుస్తున్నా తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అమ్మ ఇంకో పని చెప్పింది.